వేడి నిలకడే ఇంజిన్‌కు ఆయుష్షు

చిన్న విమానాల్లో చాలావాటికి ఇంజిన్‌ను చల్లబరిచేది గాలే. సిలిండర్ చుట్టూ ఉన్న పలచటి లోహపు రెక్కల మధ్య నుంచి అది దూసుకుపోతూ వేడిని లాక్కుపోతుంది. రేడియేటర్ అక్కర్లేదు, లీకయ్యే గొట్టాలూ ఉండవు. అయినా కొందరు యజమానులు తమ రెండు ఇంజిన్ల సెస్నాల నుంచి ఆ ఇంజిన్లను దించేసి, కూలెంట్‌తో చల్లబడేవాటిని ఎక్కించుకున్నారు. అందుకు గట్టి కారణమే ఉంది.

1978 నుంచి 1985 వరకు తయారైన సెస్నా 414ఎ విమానాన్ని తీసుకుందాం. క్యాబిన్‌లో గాలి ఒత్తిడి నిలిపి ఉంచుతారు కనుక అది 20,000 అడుగుల ఎత్తున హాయిగా వెళ్తుంది. 18,000 అడుగుల దగ్గరే గాలి ఒత్తిడి నేల మీదున్న దాంట్లో సగం. చలి ఉంటుంది గానీ, వేడిని మోసుకుపోవడానికి చాలినంత గాలి ఉండదు. గాలిని నొక్కి ఇంజిన్‌లోకి పంపే టర్బోచార్జర్ మాత్రం ఇంజిన్ చేత పూర్తి శక్తితో పని చేయిస్తూనే ఉంటుంది. దాంతో పైలట్ ఇంజిన్ కింద కౌల్ ఫ్లాప్స్ అనే చిన్న తలుపులు తెరవాలి, లేదా చల్లదనం కోసమే అదనంగా ఇంధనం పోయాలి. మొదటి దానివల్ల వేగం తగ్గుతుంది, రెండో దానివల్ల జేబు ఖాళీ అవుతుంది.

దిగేటప్పుడు కథ తిరగబడుతుంది. శక్తి ఒక్కసారిగా తగ్గించి ముక్కు దించితే, కాలిన పెనం మీద చన్నీళ్ళు చల్లినట్టే అవుతుందని, సిలిండర్లు చిట్లుతాయని పైలట్లు భయపడతారు. అందుకే నిమిషానికి ఒక అంగుళం చొప్పున మానిఫోల్డ్ ప్రెషర్ (ఇంజిన్‌లోకి వెళ్ళే గాలి ఒత్తిడి) తగ్గించుకుంటూ, ఎంతో ముందు నుంచే దిగడం మొదలుపెడతారు.

టెక్సాస్‌లోని వేకోలో రామ్ ఎయిర్‌క్రాఫ్ట్ సంస్థ ఇలాంటి 414ఎలకు కొత్త గుండెలు అమర్చింది. 310 హార్స్‌పవర్ ఇంజిన్ల స్థానంలో కాంటినెంటల్ వారి 350 హార్స్‌పవర్ లిక్విడ్ కూల్డ్ ఇంజిన్లు బిగించింది. వీటిలో గ్లైకాల్, నీళ్ళు కలిసిన కూలెంట్ సిలిండర్ల చుట్టూ తిరుగుతుంది. ఇంజిన్ చల్లబడుతోందంటే థర్మోస్టాట్ మూసుకుని కూలెంట్‌ను రేడియేటర్‌కు వెళ్ళనివ్వదు, వేడెక్కితే తెరుచుకుంటుంది. ఎక్కుతున్నా దిగుతున్నా సిలిండర్ల వేడి పెద్దగా మారదు. లోహం అతిగా వ్యాకోచించదు కనుక పిస్టన్‌కూ సిలిండర్‌కూ మధ్య సందు బిగువుగా పెట్టుకోవచ్చు.

ఈ విద్య కొత్తదేమీ కాదు. 1918లో నిజాం ఇచ్చిన విరాళంతో బ్రిటిష్ వైమానిక దళంలోని 110 (హైదరాబాద్) స్క్వాడ్రన్‌కు సమకూరిన డీహెచ్ 9ఎ విమానాల లిబర్టీ ఇంజిన్లు నీటితో చల్లబడేవే. 1986 డిసెంబర్‌లో డిక్ రూటన్, జీనా యేగర్ మధ్యలో ఇంధనం నింపుకోకుండా భూమిని చుట్టివచ్చిన వాయేజర్ విమానానికి వెనకవైపున్నది కాంటినెంటల్ లిక్విడ్ కూల్డ్ ఇంజినే.

లాభంతో పాటు బాధ్యతా పెరుగుతుంది. ఎగిరే ముందు యజమాని కూలెంట్ మట్టం చూడాలి. గొట్టం క్లిప్పుల దగ్గర వేలితో తడిమి చూడాలి. జిగురుగా తడి తగిలితే ఆ రోజు ప్రయాణం మానుకోవాలి. గాలిలో ఒక ఇంజిన్ కూలెంట్ కారిపోతే వేడిని చూపే ముల్లు ఎర్రగీత వైపు పోతుంది. అప్పుడు ఆ ఇంజిన్ శక్తి తగ్గించాలి, తప్పకపోతే ఆపేసి, ప్రొపెల్లర్ రెక్కలను గాలికి అడ్డుపడకుండా తిప్పాలి. ఏ ఇంజిన్ ఆగిందో పైలట్ పాదమే చెబుతుంది: విమానాన్ని తిన్నగా ఉంచడానికి ఏ కాలు నొక్కనక్కర్లేదో ఆ వైపుదే. శక్తి సగం పోతే పైకెక్కే సత్తాలో దాదాపు 80 శాతం పోతుంది. కూలెంట్ ఎంత మేలు చేసినా ఈ లెక్క మారదు. కనుక ఒక్క ఇంజిన్‌తో ఎగిరే సాధన ఆగకూడదు.

ఈ ఇంజిన్లు తక్కువగానే తయారయ్యాయి. విడిభాగాలకు వెతుకులాట తప్పదు, వీటిని ఎరిగిన మెకానిక్ దొరకడమూ కష్టమే. అయినా ఈ మార్పిడికి విలువ ఉందని నా నమ్మకం. దృఢమైన పాత విమానాన్ని తుక్కుకు పంపకుండా, దాని బలహీనత ఎక్కడుందో కనిపెట్టి అక్కడే సరిచేశారు. యంత్రం మీద మమకారమంటే దాన్ని తుడిచి మెరిపించడమొక్కటే కాదు. అది దేనివల్ల అరుగుతోందో తెలుసుకుని, ఆ కారణాన్నే తొలగించడం.