తొలి సవారీ పనితనం

తెలంగాణలోని న్యాల్‌కల్ దగ్గర రాష్ట్ర సరిహద్దు దాటితే తగిలే పెద్ద ఊరు బీదర్. ఐదున్నర శతాబ్దాల కిందట అది బహమనీ సుల్తానుల రాజధాని. 1469 ప్రాంతంలో అఫనాసీ నికితిన్ అనే రష్యా వర్తకుడు ఒక మగగుర్రాన్ని ఓడెక్కించి ఈ దేశానికి తెచ్చాడు. జున్నర్‌లో అక్కడి అధికారి దాన్ని లాక్కుంటే, ఎలాగో మళ్ళీ దక్కించుకుని చివరికి బీదర్‌లో అమ్ముకున్నాడు. ఆ చుట్టుపక్కల ఏటా జరిగే ఒక సంతకు 20 వేల దాకా గుర్రాలు అమ్మకానికి వస్తాయని రాసుకున్నాడు. వాటికి పప్పుధాన్యాలు, కిచిడీ పెడతారని కూడా రాశాడు. ఆ గుర్రాలెక్కిన సుల్తానుల పేర్లు మనకు తెలుసు. వాటి మీద మొట్టమొదట జీను వేసి కూర్చున్నవాళ్ళ పేర్లు తెలియవు. మనిషి బరువు ఎరగని గుర్రాన్ని సవారీకి తెచ్చే ఆ పనితనం మాత్రం ఇవాళ్టికీ బతికే ఉంది. దాన్ని కాస్త దగ్గరగా చూద్దాం.

రౌతు మెత్తనైతే గుర్రం మూడుకాళ్ళ మీద నడుస్తుందని మన సామెత. అది నిజమే. అయితే ఆ మాట పట్టుకుని కొరడా ఝళిపించేవాళ్ళే ఎక్కువ. పని తెలిసిన రౌతు గట్టితనం వేరు. ఏం కావాలో తేటగా అడుగుతాడు, అది రాగానే వదిలేస్తాడు. అతని దిటవంతా ఆ రెండింట్లోనే ఉంది.

కొత్త గుర్రం మొండికేస్తే చూసేవాళ్ళకు పొగరులా ఉంటుంది. రౌతుకు అందులో భయం కనబడుతుంది. తరతరాలుగా పులులకూ తోడేళ్ళకూ ఆహారమైన జాతి అది. కళ్ళు తలకు చెరో పక్కన ఉండటంవల్ల చుట్టూ దాదాపు 350 డిగ్రీల మేర చూడగలదు. కనబడనిదల్లా నుదుటికి ఎదురుగా కొంచెం, తోక వెనక కొంచెం. అలాంటి జంతువు వీపెక్కి మనిషి కూర్చుంటాడు. వెనకటి కాలంలో పులి దూకిందీ ఆ వీపు మీదికే. ఇక న్యాల్‌కల్ లాంటి పల్లెటూరి దారిలో దానికి ఎదురయ్యేవన్నీ కొత్తవే. చెరుకు లోడుతో ఊగుతూ వచ్చే ట్రాక్టరు, ముళ్ళకంపకు చిక్కి రెపరెపలాడే పాలిథిన్ కవరు, ఎండకు నెర్రెలు విచ్చిన నల్లరేగడి, కల్వర్టు పక్కన మెరిసే నీళ్ళు. మన కళ్ళకు ఆనని ఒక్కొక్కటీ దానికి ప్రాణగండం.

అందుకే పని నేల మీదే మొదలవుతుంది. ముందు ఉత్త గుడ్డ చూపించి వాసన చూడనిస్తారు, మెడ మీదా వీపు మీదా రాస్తారు. తర్వాత జీను. పొట్ట కింది పటకాను ఒక్కసారిగా బిగించరు. ఒక రంధ్రం బిగించి నాలుగడుగులు నడిపించి, మళ్ళీ ఒక రంధ్రం. వేలాడే రికాబులు డొక్కలకు తగులుతున్నా ఉలిక్కిపడనంత వరకు నడిపిస్తారు. పొడవాటి తాడు మీద గుండ్రంగా తిప్పుతూ నడవడానికి ఒక మాట, ఆగడానికి ఒక మాట నేర్పుతారు. ఎక్కే రోజు వచ్చాక కూడా రౌతు నేరుగా కాలు వేయడు. జీను మీద పొట్ట ఆనించి అడ్డంగా వాలతాడు. గుర్రం ఊపిరి బిగబడితే దిగిపోతాడు. చెవులు సడలించి, తల దించి, నోరు ఆడిస్తే ఇంకాసేపు ఉంటాడు. చూసేవాళ్ళకు ఇదంతా విసుగు పుట్టించవచ్చు. కానీ ఇక్కడ వదిలేసిన ప్రతి మెట్టూ తర్వాత ఎగరడంగానో పడిపోవడంగానో వడ్డీతో తిరిగొస్తుంది.

అన్నిటికన్నా చూడదగ్గది చేతి పని. గుర్రాన్ని ఎడమకు తిప్పాలి. రౌతు ముందు తాను ఎడమకు చూస్తాడు. చూపు వెంట భుజాలు, నడుము కొద్దిగా తిరుగుతాయి. ఎడమచెయ్యి వెనక్కి గుంజదు, పక్కకు జరుగుతుంది. పగ్గం బిగుస్తుంది, అక్కడే నిలుస్తుంది. గుర్రం తల విదిలించినా ఆ బిగువు పెరగదు, తరగదు. ముక్కు రెండంగుళాలు ఎడమకు వచ్చిందో లేదో వేళ్ళు విచ్చుకుంటాయి. గుర్రానికి చదువు ఆ విచ్చుకోవడంలోనే ఉంది. అడిగింది చేస్తే నోటి మీది ఒత్తిడి పోతుందని దానికి అక్కడే తెలుస్తుంది. వదలడం ఆలస్యమైతే చేసిన పనికీ దొరికిన సుఖానికీ ముడి తెగిపోతుంది. తల ఎగరేసినప్పుడు వదిలితే తల ఎగరేయడమే పాఠమవుతుంది. అరక్షణంలో ఎప్పుడు వదలాలో తేల్చే ఆ వేళ్ళలో ఏళ్ళ సాధన ఉంటుంది.

బెదిరిన చోట ఏం చేయాలన్నది ఈ విద్యలో మరో మెళకువ. క్రీస్తుపూర్వం 4వ శతాబ్దంలో గ్రీకు సేనాని జెనొఫోన్ సవారీ మీద రాసిన గ్రంథంలోనే దీనికి జవాబుంది. గుర్రం దేన్ని చూసి జంకుతోందో దాన్ని ముందు మనిషి తాకి చూపాలని, తర్వాత మెల్లగా దగ్గరికి నడిపించాలని చెప్పాడు. కొట్టి తోలితే భయం రెట్టిస్తుందన్నాడు. ఆగి ఉన్న ట్రాక్టరు దగ్గరికి కొత్త గుర్రాన్ని తీసుకెళ్ళే రౌతు నేటికీ అదే చేస్తాడు. చెవులు నిక్కబొడుచుకున్నా పరుగు లంకించుకోని దూరంలో నిలుపుతాడు. అది నిట్టూర్చేదాకా ఉండి, తానే వెనక్కి తిప్పుతాడు. మరోసారి పదడుగులు దగ్గరికి. పారిపోవాలని గుర్రానికి తోచకముందే మళ్ళించడమే ఇందులోని నేర్పు. అలా ప్రతిసారీ గెలిచి వచ్చిన గుర్రానికి తన మీద తనకు నమ్మకం కుదురుతుంది.

మరి రౌతు ధైర్యం సంగతి? 2009లో స్వీడన్ పరిశోధకులు ఒక ప్రయోగం ప్రచురించారు. గుర్రాలను కొందరు నడిపించారు, కొందరు ఎక్కి తిరిగారు. ఒక విడతకు ముందు, దారిలో గొడుగు తెరుస్తామని వాళ్ళకు చెప్పారు. గొడుగు తెరవనేలేదు. అయినా ఆ విడతలో మనుషుల గుండెవేగం పెరిగింది, గుర్రాలదీ పెరిగింది. అంటే మన బెరుకు దానికి చేరిపోతుంది. అందుకే మంచి రౌతు ధైర్యం నటించడు, ధైర్యంగా చేయగలిగినంత పనే ఎంచుకుంటాడు. దడ పుడితే దౌడు మాని నడకకు దిగుతాడు, ఊపిరి పూర్తిగా వదులుతాడు, చూపు గుర్రం చెవులు దాటి దారి మీద నిలుపుతాడు. అవసరమైతే దిగి పగ్గం పట్టి నడిపిస్తాడు. అది ఓటమి కాదు. పాఠం చిన్నదిగా ఉంచి, బాగా వచ్చిన పనితో ముగిస్తాడు. మరునాడు ఇద్దరూ మొదలుపెట్టేది అక్కడి నుంచే.

కొత్త రౌతునూ కొత్త గుర్రాన్నీ జతచేస్తే ఎవరికి ఎవరు నేర్పాలి? సవారీ నేర్చుకునేవాళ్ళను పండిన గుర్రాల మీద కూర్చోబెట్టి కుదురు నేర్పించడం అందుకే. హైదరాబాద్ జాతీయ పోలీసు అకాడమీలో ఐపీఎస్ శిక్షణలోనూ గుర్రపు సవారీ ఉంది. మలక్‌పేట లాంటి పందెపు మైదానాల్లో దీనికి రెండోవైపు కనిపిస్తుంది. ఇరుకైన స్టార్టింగ్ గేటులోకి పిల్లగుర్రాన్ని ఒక్కసారిగా నెట్టి తలుపులు మూయరు. ముందూ వెనకా తెరిచి ఉంచి నడిపిస్తారు, నిలబెడతారు, ఆ తర్వాతే మూస్తారు. అనుభవం ఇద్దరిలో ఒకరికైనా ఉండాలి. ఆ ఒకరి నెమ్మది రెండోవాళ్ళకు ఆసరా.

ఈ పనితనానికి పరీక్ష ఒకటే. తయారుచేసిన రౌతు కిందికి దిగి, ఆ గుర్రాన్ని మరొకరికి అప్పగించాలి. అతని కింద ఒదిగి నడిచిన గుర్రం కొత్తమనిషి కింద బెదిరిపోతే పని ఇంకా మిగిలి ఉన్నట్టు. కొత్తవాడు ఎక్కినా అదే నడకతో వెళ్తూ, పగ్గం బిగిస్తే ఆగి, వదిలితే సాగితే ఆ నమ్మకం గుర్రానికి సొంతమైనట్టు. తన అవసరం లేకుండా చేసుకోగలిగినవాడే ఈ విద్యలో అసలైన పనివాడు. గుర్రం మీద పేరు రాసుకోవడానికి వీల్లేని పని కాబట్టే అతన్ని వెతికి పట్టుకుని మెచ్చుకోవలసిన బాధ్యత చూసేవాళ్ళది.