ఆటిజమును కొలుచు 40 అంశములు: ఒక విమర్శ

జ్వరమును కొలుచు థర్మామీటరునకు రోగి మాతృభాషతో పనిలేదు. మనస్సు పోకడలను కొలుచు సాధనములకు మాత్రము అది మిక్కిలి అవసరము. ఈ భేదమును గుర్తుంచుకొన్నగాని భారతీయ ఆటిజ మాపకము యొక్క గుణదోషములు బోధపడవు.

ఆటిజము అంటువ్యాధి కాదు. పెంపకలోపము అంతకన్న కాదు. మెదడు ఎదుగుదలలో బాల్యమునుండియే కానవచ్చు ఒక భిన్నత. నలుగురితో కలియుట, మాటాడుట, శబ్దమును స్పర్శను గ్రహించుట మున్నగు విషయములలో ఇట్టివారి తీరు వేరుగా నుండును. 1943లో అమెరికాలో లియో కానర్ 11 మంది పిల్లలను వర్ణించి దీనిని లోకమునకు ఎరుకపరచెను. భారతదేశమున 1995 నాటి వికలాంగుల చట్టములో దీని పేరైనను లేదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము దీనికి స్పష్టముగా చోటిచ్చినది.

పైని చెప్పిన మాపకము సికింద్రాబాదులో 1984లో నెలకొల్పబడిన జాతీయ మానసిక వికలాంగుల సంస్థ కృషిఫలము. ఇందు 40 అంశములు గలవు. సాంఘిక సంబంధములు, భావస్పందన, భాష, ప్రవర్తన, ఇంద్రియానుభవము, జ్ఞానశక్తి అని వీనిని 6 భాగములుగా విభజించిరి. ప్రతి అంశమునకు 1 మొదలు 5 వరకు మార్కులు. మొత్తము 70కి తక్కువైనచో ఆటిజము లేదనియు, 70 నుండి 106 వరకు స్వల్పమనియు, 107 నుండి 153 వరకు మధ్యమమనియు, అంతకు మించినచో తీవ్రమనియు నిర్ణయము.

ఈ సాధనము చేసిన మేలు చిన్నది కాదు. ఇది ఈ దేశపు పిల్లలకై తయారుచేసినది. ప్రభుత్వపు ధ్రువపత్రమునకు ఆధారమైనది. ఆ పత్రము లేనిదే పింఛను గాని, పరీక్షలలో రాయితీలు గాని పేదబిడ్డకు అందుట దుర్లభము.

అయితే ఇందొక పెద్ద లోపము గలదు. 40 అంశములును బయటినుండి చూచువాని దృష్టితో వ్రాసినవే. పరీక్షకుడు బిడ్డను గమనించును, తలిదండ్రులను అడుగును. "నీకు లోపల ఏమగుచున్నది?" అని బిడ్డను అడుగు అంశము లేదు. ఈ లోటు ఎంతటిదో టెంపుల్ గ్రాండిన్ ఉదాహరణము వలన తెలియును. 1947లో పుట్టిన ఈ అమెరికా వనిత మూడేండ్లు దాటువరకు మాటాడలేదు. యౌవనమున అరిజోనాలో బంధువుల పశుక్షేత్రమున, ఆవులను పలకల నడుమ ఒత్తి నిలుపగా అవి శాంతించుట చూచి, అట్టి యంత్రమును తనకై చేసికొనెను. చూచువారికి అది వింతచేష్ట. ఆమెకు అది భయమునుండి ఉపశమనము. ఈ సంగతులను ఆమె 1986లో స్వీయచరిత్రగా ప్రకటించెను. ఆటిజముగలవారందరును తనవలె బొమ్మలతోనే ఆలోచింతురని తొలుత తలచి, అది సరికాదని పిమ్మట ఆమెయే తెలిపెను. తన్ను తాను ఎరుగుట ఒక్కనాటితో ముగియు పని కాదు.

మాపకమునందలి మొదటి అంశమే, బిడ్డ కంటిలోనికి చూచునా యని. పెద్దలయెదుట కన్నులు దించుట తెలుగిండ్లలో వినయమనిపించుకొనును గదా! స్వయముగా ఆటిజముగల బ్రిటిష్ సాంఘికశాస్త్రవేత్త డేమియన్ మిల్టన్ 2012లో మరొక విషయమును ఎత్తిచూపెను: అపార్థము ఏకపక్షము కాదు, ఇతరులు కూడ ఆటిజముగలవారిని అర్థము చేసికొనలేకున్నారు. 2020లో ఎడింబరో పరిశోధకులు చేసిన ప్రయోగములో, ఆటిజముగలవారు తమలో తాము ఒక కథను ఒకరినుండి ఒకరికి అందించుటలో ఇతరులకు తీసిపోలేదు.

ఈ చిక్కు అరకులోయలో ఇంకను ముదురును. తూర్పు కనుమల యీ భాగమున మూడు భాషాకుటుంబములు కలియుచున్నవి. కువి ద్రావిడభాష, ఆదివాసి ఒరియా ఆర్యభాష, గదబలలో కొందరు మాటాడు గుతోబు ముండాభాష. మాపకమున భాషకే 9 అంశములు గలవు. సంభాషణ సాగింపలేకుండుట, అర్థము లేని మాటలు పలుకుట వానిలోనివి. తెలుగు రాని కువిబిడ్డ తెలుగు పరీక్షకుని యెదుట మౌనముగా నుండిన, దానిని ఏమని లెక్కించుట? కొత్తదనము వలని మౌనమును ఆటిజమనుట ఒక తప్పు. నిజముగా ఆటిజమున్న బిడ్డను "కొండపిల్లవాడు, సిగ్గరి" యని త్రోసిపుచ్చుట అంతకన్న పెద్ద తప్పు. అట్టివాడు తన తీరుకు కారణము ఎరుగక, తానే చెడ్డవాడననుకొని పెరుగును.

దీనికి ఉపాయము లేకపోలేదు. 2004లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము కువి, కొండ, సవర, ఆదివాసి ఒరియా మొదలగు 8 భాషలలో ప్రాథమిక విద్యను ఆరంభించి, తెలుగులిపిలో వాచకములు తయారుచేయించెను. గణితమునకు పనికివచ్చిన మాతృభాష మనస్సును తెలియుటకు పనికిరాదా? ఆశ్రమ పాఠశాలలో బిడ్డను రేయింబవళ్లు చూచువారు ఉపాధ్యాయులే. భోజనశాల సందడిలో చెవులు మూసికొను బాలుని దండింపక, ఏ శబ్దము బాధించుచున్నది, ఎచట నెమ్మదిగా నుండును అని వాని భాషలో అడుగవలెను. మాట రానివానిచే బొమ్మలో చూపింపవలెను. ఆ జవాబులను వ్రాసియుంచినచో పరీక్షకునికి విలువైన సాక్ష్యమగును.

మాపకమును పారవేయనక్కరలేదు. 40 అంశముల సరసన బిడ్డ చెప్పుకొన్న మాటకు కూడ ఒక చోటు కల్పించిన చాలును. ధ్రువపత్రము ప్రభుత్వమునకు బిడ్డను తెలుపును. బిడ్డకు తన్ను తెలుపునది ఆ మాటయే.