గట్టు ఉమ్మడిదైనా చేలు వేరే

తెర మీద రెండు పెట్టెలున్నాయి. ఒకదాని మీదికొకటి ఎక్కాయా, లేదా? కంటికి ఇట్టే తెలిసిపోతుంది. అదే కంప్యూటరుకు చెప్పాలంటే తడబడతాం. మూల లోపలికొచ్చిందా, అంచు దాటిందా, చిన్నది పెద్దదాని కడుపులో ఉండిపోయిందా అంటూ ఒక్కో సందర్భాన్నీ లెక్కపెడుతూ కూర్చుంటాం. 1984లో వచ్చిన తొలి మెకింతోష్ కోసం బిల్ అట్కిన్సన్ రాసిన, తెర మీద బొమ్మలు గీసే క్విక్‌డ్రాలో సెక్ట్‌రెక్ట్ అనే బుల్లి ఫంక్షన్ ఉంది. దాన్ని చూశాక ఆ లెక్కలేవీ అక్కర్లేదు.

రెండు ఎడమ అంచుల్లో పెద్దది తీసుకో, కుడి అంచుల్లో చిన్నది. పై అంచుల్లో పెద్దది, కింది అంచుల్లో చిన్నది. ఉమ్మడి భాగం అదే. అందులో ఎడమ కన్నా కుడి, పై కన్నా కింద ఎక్కువైతే పెట్టెలు ఎక్కినట్టు. కాకపోతే జవాబు ‘లేదు’, ఫలితం నాలుగు సున్నాలు. గుణకారం లేదు, భాగహారం లేదు. అంచుకు 16 బిట్లు, పెట్టెకు 8 బైట్లు. 128 కిలోబైట్ల మెమరీతో నడవాల్సిన యంత్రం మరి!

నాకు అన్నిటికన్నా నచ్చేది అంచులు తగిలినప్పటి తీర్పు. క్విక్‌డ్రాలో అంకెలు పిక్సెళ్లవి కావు, పిక్సెళ్ల మధ్య గీతలవి. ఆ గీతలకు మందం లేదు. 10 నుంచి 60 దాకా ఉన్న పెట్టె వెడల్పు సరిగ్గా 50, ఒకటి కలపాలా వద్దా అన్న సందేహమే రాదు. దాన్ని ఆనుకుని 60 నుంచి 100 దాకా మరో పెట్టె పెట్టండి. ఎడమల్లో పెద్దది 60, కుడుల్లో చిన్నదీ 60. రెంటికీ ఉమ్మడిగా ఒక్క పిక్సెలూ లేదు, కాబట్టి ఎక్కలేదు. గట్టు ఒకటే అయినా ఎవరి చేను వారిదే.

వేళలకూ ఇదే తీర్పు కావాలి. ఉద్యోగంలో కొత్తలో నేను రాసిన మీటింగ్ గదుల ప్రోగ్రాం 10 నుంచి 11 దాకా ఒకరికి ఇచ్చాక, 11కి మొదలయ్యే మీటింగును ఒప్పుకునేది కాదు. పోలికలో ఒక ‘సమానం’ గుర్తు ఎక్కువ పడింది. అది దొరకడానికి ఒక పూట పట్టింది.

ఇంకో జాగ్రత్త చూడండి. ఇచ్చిన రెండు పెట్టెల్లో ఒకదానిలోనే ఫలితం పెట్టమన్నా జవాబు సరిగ్గానే వస్తుందని ప్రోగ్రామర్ల కరదీపిక ‘ఇన్‌సైడ్ మెకింతోష్’ మాట ఇస్తుంది. ఫలితాన్ని ముందే సున్నాలు చేసుకుని మొదలుపెట్టే ఫంక్షనైతే అసలు పెట్టే చెరిగిపోయేది. ఇక్కడ ఆ భయం లేదు. విండో హద్దుకు కత్తిరించిన పెట్టెనే మళ్లీ తెర హద్దుకూ కత్తిరించుకోవచ్చు, దాచుకోవడానికి మరో 8 బైట్లు వెతుక్కోకుండానే.