అడుగు నిలిచే కవరు

మా ఊరు రాయికోడ్‌లో ఏ కిరాణా దుకాణం ముందు కాసేపు నిలబడ్డా ఒక మాట వినిపిస్తుంది: "సేటూ, డబల్ కవరెయ్యి." బియ్యం, కందిపప్పు, నూనె ప్యాకెట్టు కొన్న మనిషి ఒక కవర్లో ఇంకో కవరు తొడిగి ఇమ్మంటాడు. దుకాణదారు కూడా మారు మాట్లాడకుండా తొడుగుతాడు. ఒక్క కవరును ఇద్దరూ నమ్మరు. తెగితే అడుగునే తెగుతుందని ఇద్దరికీ తెలుసు. కవరు చేతులు సాగితే మన వేళ్లు నొస్తాయి, అంతే. అడుగు విడిపోతే పప్పు రోడ్డు పాలు.

నేను వయసులో ఉన్నప్పుడు హైదరాబాద్ శివార్లలో కవర్లు చేసే ఒక చిన్న యూనిట్లో కటింగ్ మెషీన్ మీద పనిచేశాను. ఆ పని వదిలి చాలా కాలమైంది. అయినా ఎవరి చేతిలో కవరు కనిపించినా నా చూపు ముందు అడుగు గీత మీదికే పోతుంది. సన్నటి గీత అది. కవరు మోసే బరువంతా దాని మీదే ఉంటుంది.

రెండు చేతుల ఈ కవరు స్వీడన్‌లో పుట్టింది. నార్షోపింగ్ పట్టణంలోని సెల్లోప్లాస్ట్ కంపెనీకి పనిచేసిన స్టెన్ గుస్తాఫ్ తులిన్ 1960ల మొదట్లో దీన్ని రూపొందించాడు. 1965లో అమెరికా పేటెంటు వచ్చింది. పాలిథిన్ గొట్టాన్ని చదునుగా పరిచి, పైనా కిందా వేడితో అతికి, మూతి దగ్గర ఒక ముక్క కోసి తీసేస్తే చేతులు వాటంతటవే మిగులుతాయి. కుట్టు లేదు, జిగురు లేదు, విడిగా తగిలించిన పిడి లేదు. ఇంత తక్కువ సరుకుతో ఇంత బరువు మోసే వస్తువు నాకు తెలిసి మరొకటి లేదు. మడిచి జేబులో పెట్టుకుని పదేపదే వాడాలన్నదే తన తండ్రి ఉద్దేశమని తులిన్ కొడుకు తర్వాత ఎప్పుడో చెప్పాడు. పదేపదే వాడాలంటే ముందు అడుగు నిలవాలి.

ఇప్పటి కవర్లకు పక్కల్లో లోపలికి మడత ఉంటుంది. మా యూనిట్లో దాన్ని గజెట్ అనేవాళ్లం. సరుకు వేసినప్పుడు కవరు డబ్బాలా విచ్చుకోవడానికి ఆ మడత కావాలి. చిక్కు కూడా అక్కడే మొదలవుతుంది. అడుగున అతుకు వేసేచోట మధ్యలో రెండు పొరలే ఉంటాయి, రెండు పక్కలా నాలుగేసి పొరలుంటాయి. అతుకు వేసే వేడి సీలింగ్ బార్ దిగినప్పుడు ముందు నాలుగు పొరల మీద ఆనుతుంది. ఆ నాలుగూ రెండుగా మారే మెట్టు దగ్గర ఒత్తిడి సరిగా పడదు. సూదిమొన దూరేంత సందు అక్కడ మిగిలిపోతుంది. సరుకు వేసి ఎత్తగానే మడత విచ్చుకుని లాగేది సరిగ్గా ఆ చోటునే. కవర్లో నీళ్లు నింపి చూడండి, మొదటి చుక్క దాదాపు ఎప్పుడూ అక్కడి నుంచే పడుతుంది.

అదే మడతలో ఇంకో సంగతి దాగి ఉంది. గజెట్ లోపల ఎదురెదురుగా తగిలేవి ఫిల్మ్ బయటి ముఖాలు. సిరా పట్టడానికి ఫిల్మ్ బయటి ముఖానికి కరెంటుతో ట్రీట్‌మెంట్ చేస్తారు. అది మోతాదు మించితే ఆ ముఖం అతుక్కోవడానికి మొరాయిస్తుంది. సిరా గనక అడుగుదాకా వచ్చిందంటే ఇక చెప్పక్కర్లేదు, రెండు పొరల మధ్య సిరా అడ్డంగా నిలుస్తుంది. అందుకే తెలిసిన ప్రింటర్లు దుకాణం పేరును అడుగు గీతకు దూరంగా వేస్తారు. పేరు పెద్దదిగా కనిపించాలని పట్టుబట్టే దుకాణదారులకు ఈ మాట చెప్పేవాళ్లు తక్కువ.

తెగిన కవరును పారేసే ముందు ఒక్కసారి దాని అడుగు చూడండి. ఎందుకు తెగిందో అక్కడే తెలుస్తుంది. అతుకు రెండు పొరలుగా శుభ్రంగా విడిపోయి, అంచులు చెక్కు చెదరకుండా ఉంటే, వేడి చాలలేదన్న మాట. అతుకు అలాగే ఉండి దాని పక్కనే ఫిల్మ్ గీత గీసినట్టు తెగితే వేడి ఎక్కువైంది. బార్ అంచున ఫిల్మ్ కరిగి పలుచబడిపోయింది. అతుకూ దాని అంచూ చెదరకుండా, ఎక్కడో నడిమధ్య ఫిల్మ్ సాగి సాగి చివరికి చిరిగితే, ఆ మెషీన్ మీదున్న మనిషి పని తెలిసినవాడు. ల్యాబుల్లో అతుకును పట్టీలుగా కోసి యంత్రంతో లాగి బలం కొలుస్తారు. అక్కడ కూడా ఎంత బలానికి తెగిందని రాసి ఊరుకోరు, ఎక్కడ తెగిందో, ఎలా తెగిందో కూడా రాస్తారు.

వేడి ఒక్క అంకెతో తేలదు. ఎల్‌డీ పాలిథిన్ 110 డిగ్రీల దగ్గర కరుగుతుంది, హెచ్‌డీ 130 దగ్గర, పాలీప్రొపిలీన్ 160 దగ్గర. పాత కవర్లు గ్రైండ్ చేసి తీసిన ప్లాస్టిక్ గింజల్లో, అంటే దానాలో, ఈ మూడూ కలిసి వస్తే బార్‌ను ఏ అంకె మీద పెట్టాలి? ఒకటి కరిగి కారేలోపు ఇంకోటి మెత్తబడను కూడా మెత్తబడదు. పైగా కవర్లు వ్యాపారులకు కిలోల లెక్కన అమ్ముడవుతాయి కాబట్టి ఫిల్లర్ పొడి కలిపి తూకం పెంచాలనే ఆశ ఒకటుంటుంది. పొడి ఎక్కువైన ఫిల్మ్ పెళుసెక్కి అతుకు పక్కన విరుగుతుంది. దాని బదులు ఎల్‌ఎల్‌డీ పాలిథిన్ దానా కొంత కలిపితే అతుకు గట్టిగా పట్టి, తెగే ముందు సాగుతుంది. ఖర్చు కొంచెం పెరుగుతుంది. ఆ ఖర్చు దండగ కాదని నేను ఇప్పటికీ వాదిస్తాను.

కరెంటు పోయి వచ్చిన తర్వాత బార్ మళ్లీ వేడెక్కేలోపు పడిన కవర్లను పక్కన పడేయాలి. కట్టలో కలిపేస్తే ఆ కట్ట కొన్నవాడికి కొన్ని కవర్లు తెగుతాయి, కొన్ని తెగవు, కారణం అతనికి ఎన్నటికీ తెలియదు. బార్ మీది టెఫ్లాన్ క్లాత్ అరిగితే ఫిల్మ్ బార్‌కు అంటుకుని సాగుతుంది. బార్ కింది రబ్బరు ఒక పక్క గుంటపడితే ఆ పక్క అతుకు వదులవుతుంది. అతుకు చల్లారక ముందే లాగి కట్ట కడితే అదీ సాగిపోతుంది. ఇవన్నీ చిన్న పనులే. కవరు మంచి చెడ్డలు తేలేది వీటి దగ్గరే.

ఇక డిజైన్. చెత్త కవర్లకు స్టార్ సీల్ వేస్తారు. పక్కలను లోపలికి మడిచి, మొత్తాన్ని మళ్లీ మడిచి, పొరలన్నిటినీ ఒకే చిన్న పట్టీగా అతుకుతారు. రెండు పొరలు, నాలుగు పొరలు అనే మెట్టే ఉండదు కాబట్టి బరువు అన్ని వైపులకూ పంచుకుపోతుంది. పలుచటి ఫిల్మ్‌కు అది బాగా కుదురుతుంది. మందపు ఫిల్మ్ అయితే అన్ని పొరల్లో వేడి లోపలిదాకా పోదు. కిరాణా కవరుకు నాకు నచ్చేది వేరే పద్ధతి: అడుగున కొద్ది ఎడంతో రెండు అతుకు గీతలు వేయడం, గజెట్ మూలల్లో ఏటవాలుగా ఒక అతుకు ఇవ్వడం. ఏటవాలు అతుకుంటే సరుకు ఆ బలహీనమైన చోటిదాకా చేరదు. పప్పు గింజలు బరువును అడుగంతా పరుస్తాయి కానీ కొబ్బరికాయ అలా కాదు, దొర్లి మూలకు చేరి అక్కడే కూర్చుంటుంది. మా ఊరి భద్రకాళీ వీరభద్రస్వామి గుడికి కాయలు పట్టుకొచ్చేవాళ్ల కవర్లు మూలల్లోనే పిగలడం అందుకే. గీత కింద కొంత ఫిల్మ్ వదిలి కోయడం కూడా అవసరం. దర్జీ కుట్టు పక్కన బట్ట వదిలినట్టే అది. అతుకును ఆనుకుని కత్తి దిగితే అంచు అక్కడి నుంచే విచ్చుకుంటుంది.

మన దేశంలో చట్టం మాత్రం మందాన్నే పట్టుకుంది. 2011 ప్లాస్టిక్ వ్యర్థాల నియమాల్లో కనీసం 40 మైక్రాన్లు, 2016లో 50, 2021 సెప్టెంబరు 30 నుంచి 75, 2022 డిసెంబరు 31 నుంచి 120. పలుచటి కవర్లు ఏరడం ఎవరికీ గిట్టుబాటు కాదు కనుక మందం పెంచడం సరైన పనే. అయితే మందం మూడింతలైతే వేడి లోపలి పొరకు చేరడానికి పట్టే సమయం మూడింతలతో ఆగదు. ఉష్ణవాహన లెక్క ప్రకారం దాదాపు తొమ్మిదింతలవుతుంది. గజెట్ దగ్గర నాలుగు పొరలు కలిసి 480 మైక్రాన్లు. మెషీన్ వేగం తగ్గించాలి. తగ్గిస్తే రోజుకు దిగే కవర్లు తగ్గుతాయి. అందుకని వేగం అలాగే ఉంచి వేడి పెంచుతారు. పైపొర కరిగి పలుచబడుతుంది, లోపలి పొర పచ్చిగా ఉండిపోతుంది. తక్కువ వేడి తప్పూ ఎక్కువ వేడి తప్పూ ఒకే గీతలో చేరతాయి. కవరు మీద 120 అని అచ్చేసి ఉంటుంది, అడుగు మాత్రం నిలవదు. కొన్నవాడు మందపు కవరుకు డబ్బులిచ్చి కూడా డబల్ కవరే అడుగుతాడు. అప్పుడు ఒక ఇంటికి పోయే ప్లాస్టిక్ తగ్గిందా, పెరిగిందా?

ధాన్యం బస్తాల విషయంలో మనవాళ్లు ఇలా వదిలేయలేదు. 50 కిలోల ఆహారధాన్యాల కోసం అల్లే ప్లాస్టిక్ బస్తాలకు భారతీయ ప్రమాణం ఐఎస్ 14887 ఉంది. అందులో బట్ట బలంతో పాటు అడుగు కుట్టు ఎంత లాగుడుకు ఆగాలో కూడా విడిగా రాసి ఉంది. అమెరికాలో కాలిఫోర్నియా 2014లో చేసిన చట్టం, మళ్లీ వాడదగిన కవరు 22 పౌండ్లు, అంటే దాదాపు పది కిలోలు, 175 అడుగుల దూరం కనీసం 125 సార్లు మోయగలగాలని షరతు పెట్టింది. జనం వాటినీ ఒకసారి వాడి పారేస్తున్నారని ఆ రాష్ట్రం 2024లో కొత్త చట్టం తెచ్చి, 2026 మొదటి నుంచి దుకాణాల్లో ఆ కవర్లు ఇవ్వడమే ఆపించింది. ఆ అనుభవాన్ని నేను తోసిపుచ్చను. అడుగు గట్టిగా ఉన్నంత మాత్రాన కవరు ఇంటికి తిరిగి రాదు. కానీ అడుగు తెగిన కవరు తిరిగి వచ్చే ప్రశ్నే లేదు.

అలా తెగినది ఎక్కడికి పోతుందో తెలుగు నేల మీదే తేలింది. పుట్టపర్తిలో పశువులను కాపాడే కరుణా సొసైటీ వాళ్లు ఆవుల కడుపులు కోసి కిలోల కొద్దీ కవర్లు బయటికి తీశారు. దీని మీద 2012లో సుప్రీంకోర్టుకు వెళ్లారు. ఆవు కవరును కవరనుకుని తినదు. అందులో మిగిలిన అన్నం కోసమో, కూరగాయ తొక్కల కోసమో మింగుతుంది. చిరిగి ఎందుకూ పనికిరాని కవరే ఇంట్లో చెత్త వేయడానికి మిగులుతుంది, అదే వీధిలోకి చేరుతుంది.

120 అంకె పక్కన ఇంకో అంకె ఉండాలని నా కోరిక: ఈ కవరు ఎన్ని కిలోలు మోస్తుందో. అంత బరువు నింపి, పట్టుకుని ఊపి, కొంతసేపు వేలాడదీసి చూసే పరీక్షకు పెద్ద ల్యాబ్ కూడా అక్కర్లేదు. హైదరాబాద్ చర్లపల్లిలో ప్లాస్టిక్ శిక్షణ సంస్థ సిపెట్ ఉంది, అడిగితే నేర్పేవాళ్లున్నారు. జొన్నల మూట, కొక్కెం, గడియారం ఉంటే చిన్న యూనిట్లోనైనా రోజూ చేయొచ్చు.

ఈ కిలోల అంకెను మట్టిలో కలిసే కవర్లతో మొదలుపెట్టడం తేలిక. 2021 ఆగస్టులో తిరుమలలో లడ్డూల కోసం రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓ రూపొందించిన మొక్కజొన్న పిండి సంచుల కౌంటరు తెరిచారు. ఈ రకం కవర్లకు వేడి విషయంలో పట్టింపు ఎక్కువ, పిండి తేమ పీలిస్తే నిల్వలోనే అతుకు బలహీనపడవచ్చు. ప్రమాణానికి తగ్గ కంపోస్ట్ కవర్లకు చట్టం మందం షరతు పెట్టలేదు కాబట్టి వాటి మీద మైక్రాన్ల అంకె చూసి తేల్చుకునేది ఏమీ లేదు. కిలోల అంకె ముందు వాటి మీదే వేయించవచ్చు.