బిగుసుకున్న బోల్టు

మృగశిర కార్తె దగ్గర పడుతోందంటే మా ఇబ్రహీంపట్నంలో ట్రాక్టర్ షెడ్లకు ఊపిరి సలపదు. యాచారం నుంచి, మంచాల నుంచి, పెద్ద చెరువు కింది పొలాల నుంచి తిరిగే బ్లేళ్లతో మట్టిని గుల్ల చేసే రోటావేటర్లు వచ్చి సాగర్ రోడ్డు అంచున వరస కడతాయి. దాదాపు అందరిదీ ఒకటే పని, అరిగిన బ్లేళ్లు మార్చుకోవడం. ఆరడుగుల రోటావేటర్‌కు మామూలుగా 42 బ్లేళ్లుంటాయి. ఒక్కో బ్లేడుకు రెండేసి బోల్టులు. 84 బోల్టులు ఊడితే తప్ప కొత్త సెట్టు ఎక్కదు.

పూటంతా పట్టేది ఆ ఊడదీయడానికే. బిల్లులో బ్లేళ్ల ధర ఉంటుంది, కొత్త నట్టుబోల్టుల ధర ఉంటుంది, చివర లేబర్ అని ఒక చిన్న అంకె ఉంటుంది. ఆ చిన్న అంకె వెనక ఎంత తెలివి ఉందో చెప్పాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను. ఈ పని దగ్గర కూర్చుని చూడటం, వీలైనప్పుడు పానా అందుకుని చేయి వేయడం నాకు ఇష్టం. ఇష్టం కన్నా గౌరవం ఎక్కువ.

విడి బోల్టు ఉత్త ఇనుప ముక్క. బిగించిన బోల్టు వేరు. నట్టు తిరిగేకొద్దీ బోల్టు కంటికి ఆననంత సాగుతుంది. సాగినది వెనక్కి ముడుచుకోవాలని లాగుతూనే ఉంటుంది. బ్లేడును ఇరుసు మీది ఫ్లాంజికి అదిమి పట్టి ఉంచేది ఆ లాగుడే. పానా మీద మనం పెట్టే బలంలో పదో వంతు మాత్రమే ఈ సాగదీతకు అక్కరకొస్తుందని ఇంజినీర్ల లెక్క. సుమారు సగం నట్టు అడుగున రాపిడికి పోతుంది, మిగతా నలభై శాతం చూడీల, అంటే మరల, మధ్య రాపిడికి పోతుంది. ఇది కొత్త బోల్టు సంగతి. నాటుకు బురద దున్నినప్పుడు నీళ్లు చూడీల్లోకి దిగుతాయి, షెడ్డులో నిలబెట్టిన నెలల్లో ఆరుతాయి, మళ్లీ తడుస్తాయి. ఇనుము తుప్పుగా మారితే రెండింతలకు పైగా చోటు ఆక్రమిస్తుంది. చూడీల మధ్య అంత జాగా ఎక్కడిది? ఉన్న సందులోనే తుప్పు ఒత్తుకుని గట్టిపడుతుంది. దాంతోపాటు సన్నటి బంకమట్టి దూరి ఎండిపోతుంది. అప్పుడు నట్టూ బోల్టూ ఒకే లోహం అయినట్టే.

మా చెల్కల్లో ఇంకో చిక్కు. ఎర్రమట్టిలో గులకరాళ్లు, పలుగురాళ్లు ఉంటాయి. అవి బ్లేడు కొసనే కాదు, నట్టు అంచుల్ని కూడా అరగదీస్తాయి. ఒక వానాకాలం, ఒక యాసంగి గడిచేసరికి ఆరు మూలల నట్టు గుండ్రంగా తేలుతుంది. పానాకు పట్టు దొరకదు. కార్లు, బైకులు బాగుచేసే వాళ్లకు ఈ బాధ ఇంతగా ఉండదు. నేలలో తిరిగే యంత్రానికే ఇది ప్రత్యేకం.

రోటావేటర్ పుట్టింది ఆస్ట్రేలియాలో. న్యూ సౌత్ వేల్స్‌లోని గిల్గాండ్ర అనే ఊళ్లో 1912లో ఆర్థర్ క్లిఫర్డ్ హోవర్డ్ అనే కుర్రవాడు తండ్రి పొలంలో ప్రయోగాలు చేశాడు. నాగలి మట్టిని తిరగేస్తూ అడుగు పొరను అణిచేస్తోందని, తిరిగే బ్లేళ్లతో గుల్ల చేస్తే ఆ నష్టం తప్పుతుందని అతని ఆలోచన. మొదట్లో మట్టి పక్కలకు ఎగిరిపడేది. బ్లేడును ఇంగ్లిష్ ఎల్ అక్షరంలా వంచాక కుదిరింది. ఇవాళ మన షెడ్డు ముందు కుప్పగా పోసిన అరిగిన బ్లేళ్లన్నీ ఆ వంపు సంతానమే. అంత శక్తితో నేలను గుద్దుకునే బ్లేడు రెండు బోల్టుల మీద నిలుస్తుందన్నది తలుచుకుంటే నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే.

మా షెడ్డు ఉస్తాద్ పని మొదలుపెట్టే తీరు చూడాలి. పానా ముట్టడు. ముందు ట్రాక్టర్ ఇంజిన్ ఆపించి తాళం చెవి తన జేబులో వేసుకుంటాడు. ఇంజిన్ తిప్పుడును రోటావేటర్‌కు అందించే పీటీఓ షాఫ్టు విడదీయిస్తాడు. రోటావేటర్‌ను లేపాక కింద లావుపాటి చెక్క దుంగలు పెట్టిస్తాడు. లిఫ్టును నమ్మి కింద దూరడానికి ఎవరినీ ఒప్పుకోడు. హైడ్రాలిక్‌లో నూనె కారినా, ఎవరైనా లీవరు తాకినా అంత బరువూ మనిషి మీదికి దిగుతుంది. రైతులు తొందరపెడతారు. "ఐదు నిమిషాల పనికి గింతనా ఉస్తాద్?" అంటారు. ఆయన బదులు చెప్పడు, దుంగ సరిగ్గా ఆనిందో లేదో కాలితో తన్ని చూస్తాడు. ఇంత ఒత్తిడి రోజుల్లో ఆ మొండితనం చూస్తే నాకు మనసు కుదుటపడుతుంది.

తర్వాత తీగ బ్రష్షు. బయటికి పొడుచుకొచ్చిన చూడీల్లో మట్టి, తుప్పు పోయేదాకా రుద్దాలి. లేకపోతే వదులైన నట్టు కూడా ఆ మట్టి దగ్గరికొచ్చి మళ్లీ పట్టేస్తుంది. ఆపైన నూనె. పాతకాలం వాళ్లు గ్యాసునూనె పోసేవారు, ఇప్పుడు డీజిల్ పోస్తారు, డబ్బులుంటే స్ప్రే కొడతారు. ప్రపంచమంతా తెలిసిన డబ్ల్యూడీ-40 అనే స్ప్రే 1953లో అమెరికాలో తయారైంది. అట్లాస్ క్షిపణి పైపొర తుప్పు పట్టకుండా నీటిని తోసేయడానికి చేశారు, నలభయ్యో ప్రయత్నంలో కుదిరింది గనక ఆ పేరు. ఏది పోసినా రాత్రంతా నాననివ్వడం ముఖ్యం. పోసిన వెంటనే పానా వేస్తే నూనె దండగ.

తెల్లారి సుత్తెలు. నట్టు ఒక వైపు బరువైన సుత్తె ఆనించి పట్టుకుని, ఎదురు వైపు ఇంకో సుత్తెతో కొడతారు. ఒక్కో పలకకు రెండు మూడు దెబ్బలు, నట్టు చుట్టూ తిరుగుతూ. ఆ దెబ్బకు నట్టు వెంట్రుకవాసి సాగి లోపలి తుప్పు పొడి అవుతుంది, నూనెకు దారి దొరుకుతుంది. దెబ్బ మోతలోనే తేడా తెలుస్తుందట. పట్టుకుని ఉన్నప్పుడు ఖణేలుమంటుంది, విడిచాక మొద్దుగా పలుకుతుంది. ఆ తేడా నా చెవికి ఇంకా పూర్తిగా చిక్కలేదు, ఉస్తాద్ దగ్గర పనిచేసే కుర్రవాడికి చిక్కింది.

అప్పుడు పానా. డబుల్ పానా కాదు, రింగు పానా. డబుల్ పానా రెండు పలకల్ని మాత్రమే పట్టి మూలలు కోసేస్తుంది, రింగు అన్ని మూలల్నీ ఒకేసారి పట్టుకుంటుంది. ఇక్కడే అసలు కిటుకు. కుర్రవాడు ఇప్పే వైపు బలంగా లాగబోతే ఉస్తాద్ చేయి అడ్డుపెట్టాడు. "గట్ల కాదురా, ముందుగాల బిగియ్యి. జర్రంత. కదిలిందా? ఇగ ఇప్పు." బిగించే వైపు కొద్దిగా కదిలిస్తే తుప్పు పట్టు తెగుతుంది, చూడీలు మాత్రం చెడవు. తర్వాత పావు చుట్టు ఇప్పడం, కొంచెం వెనక్కి బిగించడం, మళ్లీ ఇప్పడం. చూసేవాళ్లకు సాగదీస్తున్నట్టు అనిపిస్తుంది. తుప్పు పొడి బయటికి వచ్చేది ఆ ముందువెనకల కదలికలోనే.

పానాకు పైపు తొడిగి వాలిపోయే వాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది. బోల్టు తల మీద 8.8 అని చెక్కి ఉంటుంది, అది దాని బలం గుర్తు. 12 ఎంఎం మందం ఉన్న ఆ రకం బోల్టుకు సుమారు 80 న్యూటన్ మీటర్ల బిగింపు చాలు. మీటరు పొడుగు పైపు చివర 20 కిలోల బరువుతో వాలినా దాదాపు 200 పడుతుంది. బోల్టు విరగక ఏమవుతుంది? విరిగితే విరిగింది, బోల్టు ఖరీదు ఎంతని కొందరంటారు. రోటావేటర్ వరకు ఆ మాటలో కొంత నిజముంది. అటు నుంచి ఇటు పోయి నట్టులో దిగే బోల్టు విరిగినా, గ్రైండర్‌తో కోసినా, కొత్తది వేసుకోవచ్చు. మూలలన్నీ అరిగిన నట్టుకు అదే మార్గం కూడా. కోతలో ఫ్లాంజి రంధ్రం దెబ్బతినకుండా చూసుకోవాలంతే.

కానీ అన్ని యంత్రాలూ అలా ఉండవు. సాగర్ రోడ్డు పొడుగునా ఇప్పుడు ఫాంహౌసులు, పెద్ద పెద్ద కాలేజీల లాన్లు. అక్కడక్కడా మీద కూర్చుని నడిపే గడ్డికోత బండ్లు కూడా వచ్చాయి. ఒకటి మా షెడ్డుకొచ్చింది, బ్లేడు బోల్టు జామైందని. వాటిలో చాలా రకాలకు బోల్టు నేరుగా స్పిండిల్ లోపలి చూడీల్లోకి ఎక్కుతుంది, వెనక నట్టు ఉండదు. పైగా గడ్డిలో దాగిన రాయి బ్లేడుకు తగిలిన ప్రతిసారీ బ్లేడు ఆగబోతుంది, స్పిండిల్ ముందుకు తిరుగుతుంది, బోల్టు ఇంకాస్త బిగుస్తుంది. అలా ఏళ్ల తరబడి దానంతటదే బిగిసిన బోల్టును పైపుతో విరగ్గొడితే సగం ముక్క లోపలే ఉండిపోతుంది. దాన్ని డ్రిల్లింగ్ చేసి తీయాలి, లేదంటే స్పిండిలే మార్చాలి. ఉస్తాద్ ప్లగ్గు వైరు పీకించి, బ్లేడు తిరగకుండా చెక్క అడ్డం పెట్టి, రాత్రి నానబెట్టి, పొద్దున ఇంపాక్ట్ గన్‌తో చిన్న చిన్న దెబ్బలుగా విడిపించాడు. గడ్డికోత యంత్రాన్ని 1830లో ఇంగ్లండ్‌లో కనిపెట్టిన ఎడ్విన్ బడ్డింగ్ పేరు మీదే, మర తిప్పి వెడల్పు సవరించుకునే పానా కూడా ఉంది. తన యంత్రం ఎక్కడ పట్టేస్తుందో ఆ మనిషికి తెలిసే ఉంటుందని నాకు నమ్మకం.

ఇంకో మాట, ఎటు తిప్పాలన్నది. కింద పడుకుని పైకి చూసేటప్పుడు కుడి ఎడమలు తికమకపడతాయి. దానికి తోడు ఉల్టా చూడీలు. గట్ల మీద గడ్డి కోసే బ్రష్ కట్టర్ బ్లేడు నట్టు, టేబుల్ ఫ్యాను రెక్క ముందుండే మూత, సైకిల్ ఎడమ పెడలు, ఇవన్నీ మామూలుకు ఉల్టాగా తిరిగేవే. మనం ఇప్పుతున్నామనుకుని వాటిని బిగిస్తూ పోతాం. బలం పెట్టే ముందు చూడీ వాలు ఎటుందో టార్చి వేసి చూడటం మంచిది.

ఏదీ పనిచేయకపోతే మంట. వేడి చేయాల్సింది నట్టును, బోల్టును కాదు. 300 డిగ్రీలు వేడెక్కితే 14 ఎంఎం నట్టు రంధ్రం మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు పెరుగుతుంది. అది చాలు. ముందు డీజిల్ శుభ్రంగా తుడిచేయాలి, లేకపోతే అంటుకుంటుంది. చివరి ఫ్లాంజి దగ్గర బేరింగు, ఆయిల్ సీలు ఉంటాయి, అక్కడ మంట జోలికి పోకూడదు. ఎర్రగా కాలిన బోల్టుకు పాత బలం ఉండదు, చూడటానికి బాగున్నా అది మళ్లీ ఎక్కకూడదు. ఉస్తాద్ అలాంటివి విడిగా ఒక డబ్బాలో వేస్తాడు, కొత్తవాటిలో కలవనివ్వడు.

మన మండలంలోనే ఆదిబట్లలో సీ-130జే విమానాల తోక భాగాలు తయారవుతాయి. అపాచీ హెలికాప్టర్ల ఫ్యూజిలేజ్ చేసే టాటా బోయింగ్ కర్మాగారం 2018లో అక్కడే మొదలైంది. విమానాల పనిలో ఏ బోల్టు ఎంత బిగించాలో కాగితం మీద రాసి ఉంటుంది, కొలిచే పానా ఉంటుంది. అక్కడ పనిచేసే పిల్లల్ని చూసి తల్లిదండ్రులు గర్వపడతారు, పడాలి కూడా. ఆ కాగితం, ఆ కొలపానా లేకుండా, చెవితో, మణికట్టుతో అదే లెక్క వేసే మనిషి ఇక్కడ సాగర్ రోడ్డు మీదే రేకుల షెడ్డు కింద ఉన్నాడు. ఆయన దగ్గర నేర్చుకుంటున్న కుర్రవాణ్ణి పానాలు అందించేవాడు అని పిలవడం నాకు నచ్చదు. ఐటీఐలో ఫిట్టర్ కోర్సు రెండేళ్లు. ఈ కుర్రవాడికి ఆ సర్టిఫికెట్టు కూడా చేతికి రావాలని నా కోరిక. షెడ్డులో నేర్చినదాన్ని పరీక్ష పెట్టి గుర్తించే ఏర్పాటు ఇక్కడికి అందుబాటులోకి రావాలి.

రైతులతో ఒక మాట. బండిని పొద్దున తెచ్చి మధ్యాహ్నానికి కావాలనకండి. ముందురోజు సాయంత్రమే దింపి నూనె పట్టించమనండి. బ్లేళ్లతో పాటు నట్టుబోల్టులు, వాషర్లు కొత్త సెట్టు కొనండి. ఎక్కించేటప్పుడు చూడీలకు కొంచెం గ్రీజు రాయమనండి, గ్రీజు రాసిన బోల్టు తేలిగ్గా తిరుగుతుంది గనక బిగింపు కాస్త తగ్గించమనండి. మొదటి రెండు మూడు గంటల దున్నకం అయ్యాక ఒకసారి ఆపి ప్రతి నట్టుకూ పానా వేసి చూడండి. దున్నకాలు అయిపోయాక రోటావేటర్‌ను కడిగి, ఆరబెట్టి, నట్ల మీద పాత ఇంజిన్ ఆయిల్ పూసి పెట్టండి. ఇవన్నీ చేసిన ఏడు మీ బోల్టులు రింగు పానాకే ఊడి వస్తాయి. చేయలేకపోయిన ఏడు మాత్రం బిల్లులో లేబర్ దగ్గర బేరమాడకండి.