ఒక పాఠం, మూడు స్తంభాలు: జగ్గయ్యపేట ఆవేసని శాసనం – గ్రంథచరిత్ర దృష్టితో ఒక పరిశీలన

ప్రస్తావన

తెలుగులో గ్రంథచరిత్ర రచన సాధారణంగా రెండు మెట్ల మీద నడుస్తోంది. మొదటిది తాళపత్రం, రెండవది అచ్చుపుస్తకం. 1746-47 సంవత్సరాలలో హాలే నగరంలో బెంజమిన్ షుల్జ్ అచ్చు వేయించిన క్రైస్తవ గ్రంథాలు, 1814లో శ్రీరామపురం ముద్రణాలయం నుండి వెలువడిన విలియం కేరీ తెలుగు వ్యాకరణం, ఆపై సి.పి. బ్రౌన్ కావ్య పరిష్కరణలు ఈ చరిత్రలో పరిచితమైన మజిలీలు. శాసనం మాత్రం ఈ దారిలో కనిపించదు. అది రాజవంశ చరిత్రకో, భాషాచరిత్రకో ఆధారంగా వేరొక గదిలోకి చేరిపోయింది. రాతి మీది రాతను కూడా ఎవరో కూర్చారు, ఎవరో ప్రతి తీశారు, ఎవరో చెక్కారు, ఎవరో చదివారు. గ్రంథచరిత్ర అడగవలసిన ప్రశ్నలన్నీ అక్కడ కూడా ఉన్నాయి.

పూర్వపు కృష్ణా జిల్లా మెట్టప్రాంతంలోని జగ్గయ్యపేటలో లభించిన ఇక్ష్వాకు కాలపు ప్రాకృత శాసనం ఈ ప్రశ్నలకు తగిన ఉదాహరణ. ఇది ఒకే పాఠంగా మూడు స్తంభాల మీద చెక్కబడింది. దీనిని చెక్కించినవాడు రాజు కాడు, మంత్రి కాడు, ఒక శిల్పకారుడు. ఈ రెండు అంశాలనూ కలిపి చదివితే శాసనం ఏం చెబుతుంది, అచ్చులోకి వచ్చాక అందులో ఏది నిలిచింది, ఏది మరుగున పడింది అన్నది ఈ వ్యాసం పరిశీలించే విషయం.

స్థలం, వెలికితీత

నేడు ఎన్టీఆర్ జిల్లాలో ఉన్న జగ్గయ్యపేట, నందిగామలు విజయవాడ నుండి హైదరాబాదుకు పోయే దారిలోని పట్టణాలు. జగ్గయ్యపేట పూర్వనామం బేతవోలు. రాజా వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు తన తండ్రి పేరు మీద ఇక్కడ పేటను నిర్మించడంతో ఈ పేరు స్థిరపడింది. ఊరి పక్కన ఉన్న స్తూపపు దిబ్బను జనం 'ధనంబోడు' అని పిలిచేవారు. దిబ్బలో నిధి ఉన్నదన్న నమ్మకం ఆ పేరులోనే ఉంది.

1882లో జేమ్స్ బర్జెస్ ఈ స్తూపాన్ని పరిశీలించి శిల్పఫలకాలను, శాసన స్తంభాలను వెలుగులోకి తెచ్చాడు. చక్రవర్తి మీద నాణేల వాన కురుస్తున్నట్లు చూపే మాంధాత ఫలకం ఇక్కడిదే. శిల్పాలలో ప్రాచీనమైనవి క్రీస్తుపూర్వ కాలానికి చెందినవి. శాసన స్తంభాలు అంతకన్న చాలా తరువాతివి. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని కాలం, అనగా క్రీ.శ. మూడవ శతాబ్ది నాటివి. అంటే శాసనదాత కొత్త స్తూపాన్ని కట్టలేదు. అప్పటికే శతాబ్దాల వయసున్న మహాచైత్యానికి తన వంతు చేర్చాడు.

శాసనం చెప్పే విషయం

శాసనం శుభవాచకంతో మొదలై, మాఠరీపుత్ర వీరపురుషదత్తుని ఇరవయ్యవ రాజ్యసంవత్సరాన్ని, వర్షర్తువులో ఎనిమిదవ పక్షాన్ని, పదవ దినాన్ని పేర్కొంటుంది. ఆ తరువాత రాజు ప్రసక్తి లేదు. మిగిలిన పాఠమంతా ఒక కుటుంబానిది. కమ్మక రాష్ట్రంలోని నడతూరు గ్రామానికి చెందిన ఆవేసని నాకచందుని కొడుకు, మహాకాండురూరు గ్రామవాసి, తానూ ఆవేసనియే అయిన సిద్ధార్థుడు దాత. అతడు తల్లి నాగిలనిని ముందుంచుకొని, భార్య సముదనిని, కొడుకు మూలసిరిని, కూతురు నాకబుధనికను, తమ్ముడు బుధినకుని, అతని భార్య కనికను, ఆ ఇంటి పిల్లలను పేరుపేరునా చెప్పుకొని, జ్ఞాతి మిత్ర బంధువర్గంతో కలిసి, వేలగిరి గ్రామంలోని బుద్ధ భగవానుని మహాచైత్యం తూర్పు ద్వారం వద్ద ఐదు ఆయక స్తంభాలను సర్వప్రాణుల హితసుఖాల కోసం ప్రతిష్ఠించాడు.

ఇందులో కీలకపదం 'ఆవేసని'. సంస్కృతంలో 'ఆవేశనం' అంటే కార్మికశాల, పనివారు కూర్చుని పని చేసే చోటు. నగరవాసుల, జానపదుల వెండి బంగారు పనిని ఆవేశనుల చేత చేయించే విధానాన్ని కౌటిలీయ అర్థశాస్త్రం రెండవ అధికరణంలో ప్రస్తావించింది. సాంచీ దక్షిణ తోరణం మీద శాతకర్ణి రాజు ఆవేసని ఆనందుని దానశాసనం ఉంది. అక్కడ ఆవేసని రాజుతో ముడిపడినవాడు. జగ్గయ్యపేట ఆవేసనికి అటువంటి విశేషణం లేదు. తండ్రి ఆవేసని, కొడుకు ఆవేసని. తండ్రిది ఒక ఊరు, కొడుకుది వేరొక ఊరు, దానం మూడవ ఊరిలో. వృత్తి వంశపారంపర్యంగా వచ్చినదనీ, పని ఉన్న చోటికి పనివాడు కదిలేవాడనీ ఊహించడానికి ఈ మూడు ఊళ్ల పేర్లు ఆస్కారమిస్తున్నాయి.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. దాత శిల్పకారుడు గనుక అక్షరాలను కూడా అతడే చెక్కాడని నిర్ణయించడం తొందరపాటు అవుతుంది. శాసనం ఆ మాట చెప్పలేదు. పాఠం కూర్చినవాడు, చెక్కినవాడు, దానమిచ్చినవాడు ముగ్గురు కావచ్చు, ఒక్కడే కావచ్చు. నిశ్చయంగా చెప్పగలిగినది ఇంతే: చేతిపనితో బతికే ఒక మనిషి తన పేరును, వృత్తిని, ఇంటివారిని లిఖితరూపంలో నిలిపే అధికారాన్ని, ఆర్థిక స్తోమతను కలిగి ఉన్నాడు.

మూడు ప్రతుల అర్థం

ఒకే పాఠాన్ని మూడు మార్లు ఎందుకు చెక్కించాలి? అచ్చుకు అలవాటుపడిన మనసు దీనికి వెంటనే ఒక జవాబు ఇస్తుంది: ప్రతులు పెరిగితే పాఠకులు పెరుగుతారు. కాని ఇక్కడ ఆ తర్కం పనిచేయదు. స్తంభాలన్నీ తూర్పు ద్వారం వద్దనే నిలిపినవి. ఒక స్తంభం ముందు నిలబడి చదివినవాడికి పక్క స్తంభం మీద కొత్త సంగతి ఏదీ దొరకదు. ప్రతులు నాలుగు దిక్కులకు పంపిణీ అయి ఉంటే వేరు మాట. అవి ఒకే చోట ఉన్నాయి.

దీనికి దగ్గరి పోలిక తెలుగు కావ్య సంప్రదాయంలో దొరుకుతుంది. ఆశ్వాసాంత గద్యలో కవి తన గురువును గానీ దైవాన్ని గానీ, తండ్రిని, తన పేరును, కావ్యనామాన్ని చెబుతాడు. అదే గద్య ప్రతి ఆశ్వాసం చివర దాదాపు యథాతథంగా పునరావృతమవుతుంది. కొత్త పాఠకుని కోసం కాదు ఆ పునరుక్తి. కావ్యంలోని ప్రతి భాగానికీ కర్తృత్వ ముద్ర విడివిడిగా పడాలన్నది అక్కడి ఉద్దేశం. తాళపత్ర లేఖకుడు గ్రంథాంతంలో సంవత్సరం, మాసం, తిథి, తన ఊరు, తన పేరు రాసుకొనడం కూడా ఈ కోవలోనిదే. జగ్గయ్యపేట శాసనంలో కాలం, స్థలం, తండ్రి పేరు, కర్త పేరు, చేసిన పని, ఉద్దేశించిన ఫలం అదే వరుసలో కనిపిస్తాయి. శాసనం నుండి గద్య పుట్టిందని చెప్పడానికి ఇది చాలదు. మధ్యనున్న కాలం, భాషాభేదం చాలా ఎక్కువ. అయితే రెండింటిలోనూ ప్రతి చేసే పని ఒక్కటే. అది చదివించడానికన్న ముందు ముద్ర వేయడానికి ఉంది. ఐదు స్తంభాల దానాన్ని చెప్పే పాఠం ఒక స్తంభం మీద ఉంటే సమాచారానికి సరిపోతుంది. మూడింటి మీద లభించడం వల్ల ఆ పాఠం సమాచారం మాత్రమే కాదని తెలుస్తోంది.

నాగార్జునకొండ శాసనాలతో పోల్చితే ఈ అంశం మరింత స్పష్టమవుతుంది. అక్కడి మహాచైత్యపు ఆయక స్తంభాల మీద కూడా దానపాఠాలు పునరావృతమవుతాయి. అక్కడ ప్రధాన దాత్రి చాంతిసిరి, వీరపురుషదత్తుని మేనత్త. రాజగృహపు స్త్రీలు తమ పేర్లను నిలపడానికి వాడిన పద్ధతినే జగ్గయ్యపేటలో ఒక శిల్పకారుని కుటుంబం వాడుకుంది. ఆయక స్తంభం, దాని మీది పాఠపు చట్రం రాజకుటుంబానికే పరిమితమైన సొత్తు కాదని ఈ పోలిక తెలుపుతోంది.

అచ్చులో మారిన రూపాలు

శాసనం రాతి నుండి కాగితానికి రావడానికి ఒక చేతిపని ఉంది. తడిపిన కాగితాన్ని రాతి మీద పరిచి, అక్షరాల గుంటలలోకి దిగేదాకా కుంచెతో కొట్టి, పైన సిరా అద్దితే చెక్కిన భాగం తెల్లగా, చుట్టూ నల్లగా నకలు వస్తుంది. ఈ నకలే తరువాత ఫలకంగా అచ్చుకు పోతుంది. అంటే శాసనాల ముద్రిత గ్రంథం కూడా మరొక ప్రతిలేఖన శిల్పం మీద ఆధారపడినదే.

జగ్గయ్యపేట శాసన పాఠాన్ని గేయోర్గ్ బ్యూలర్ 1882లో 'ఇండియన్ ఆంటిక్వరీ' పత్రికలో ప్రకటించాడు. బర్జెస్ 1887లో లండన్ నుండి వెలువరించిన అమరావతి, జగ్గయ్యపేట స్తూపాల గ్రంథంలో స్థలవర్ణన, శిల్పచిత్రాలు, శాసనాలు ఒక్కచోట చేరాయి. బ్యూలర్ 1896లో రాసిన భారతీయ లిపిశాస్త్ర గ్రంథంలో ఈ శాసనపు లిపి వర్ణమాలా పట్టికలో చోటు చేసుకుంది. 1912లో లూడర్స్ బ్రాహ్మీ శాసనాల పట్టికను ప్రకటించి, మూడు ప్రతులకూ వేరువేరు సంఖ్యలిచ్చాడు.

ఈ నాలుగు ముద్రిత రూపాలూ ఒకే శాసనాన్ని నాలుగు వస్తువులుగా మార్చాయి. పత్రికలో అది పాఠం, స్తూపగ్రంథంలో స్మారకపు అంగం, లిపిశాస్త్రంలో అక్షరాల నమూనా, జాబితాలో మూడు అంకెలు. వీటిలో లిపిపట్టిక విషయం ప్రత్యేకంగా ఆలోచించదగినది. ఇక్ష్వాకు లిపిలో నిలువు గీతలు కిందికి పొడవుగా సాగి, తోకలు వంపు తిరిగి, అలంకారంగా ఉంటాయి. చదవడానికి ఆ పొడవు అక్కరలేదు, చూడడానికి కావాలి. స్తంభం నిలువుగా ఉన్నది గనుక అక్షరం కూడా నిలువుకు సాగినట్లు తోస్తుంది. పట్టికలో గడికొక అక్షరంగా విడగొట్టినప్పుడు అవి అచ్చు అక్షరాల పోతల వలె కనిపిస్తాయి. అక్షరరూపం నిలిచింది, స్తంభంతో దానికున్న పొందిక పోయింది.

1926లో నాగార్జునకొండ శాసనాలు బయటపడే వరకు ఆంధ్ర ఇక్ష్వాకులకు జగ్గయ్యపేట శాసనమే ఆధారం. అందువల్ల చరిత్రకారుల దృష్టి సహజంగానే రాజు పేరు మీద, ఇరవయ్యవ సంవత్సరం మీద నిలిచింది. వంశచరిత్రలలో ఈ శాసనం ఒక కాలసూచికగా మిగిలింది. శాసనంలో రాజుకు దక్కినది తేదీలోని స్థానం మాత్రమే. గ్రంథాలలో మాత్రం తేదీయే శాసనమంతా అయింది. నాగిలని, సముదని, కనికలు వాక్యం నుండి జారిపోయారు. ఇది ఎవరి దోషమని చెప్పడానికి కాదు. వంశక్రమం తెలియని కాలంలో ఆ ప్రశ్నే ముందుకు వచ్చింది. వంశక్రమం స్థిరపడిన తరువాత కూడా అదే ప్రశ్న దగ్గర ఆగిపోవడం సరికాదు.

తెలుగు గ్రంథంలోకి శాసనం

శాసనాధారం ఇంగ్లీషు, జర్మను గ్రంథాల నుండి తెలుగు పుస్తకంలోకి రావడానికి ఈ మెట్టప్రాంతపు మనిషే ఒకడు పాటుపడ్డాడు. కొమర్రాజు వెంకట లక్ష్మణరావు 1877లో పెనుగంచిప్రోలులో జన్మించాడు. జగ్గయ్యపేట, నందిగామలకు అది పొరుగూరు. సమీపంలోని మునగాల సంస్థానంలో ఆయన దివానుగా పనిచేశాడు. 1906లో ఆయన ప్రభృతులు స్థాపించిన విజ్ఞానచంద్రికా గ్రంథమండలి చరిత్రను, ప్రకృతి శాస్త్రాలను తెలుగులో పుస్తకాలుగా అందించింది. చిలుకూరి వీరభద్రరావు 'ఆంధ్రుల చరిత్రము' మొదటి భాగం 1910లో ఈ మండలి ప్రచురణగానే వెలువడింది.

లక్ష్మణరావు శాసన పరిశోధకుడు, గ్రంథ సంపాదకుడు, ప్రచురణ నిర్వాహకుడు. ఈ మూడు పనులు ఒక్క వ్యక్తిలో కలవడం యాదృచ్ఛికం కాదు. శాసనాన్ని చదవడం, దాని సారాన్ని తెలుగు వాక్యంలో పెట్టడం, ఆ వాక్యాన్ని అచ్చు వేయించి పాఠకునికి చేర్చడం ఒకే కార్యక్రమంలోని దశలుగా ఆయన తరం భావించింది. ఆయన చేపట్టిన 'ఆంధ్ర విజ్ఞాన సర్వస్వము' అకారాన్ని దాటకముందే 1923లో ఆయన మరణించాడు. ఇంత శ్రమ తరువాత కూడా శాసనం తెలుగు పాఠకునికి అందినది ప్రధానంగా చరిత్ర ఆధారంగానే. శాసనాన్నే ఒక గ్రంథవస్తువుగా చూసే పని మిగిలిపోయింది.

ముగింపు

పై పరిశీలన నుండి మూడు విషయాలు తేలుతున్నాయి. మొదటిది, జగ్గయ్యపేట శాసనంలో ప్రతి అనేది పాఠకుల సంఖ్యను పెంచే సాధనం కాదు. దానవస్తువు మీద కర్తృత్వాన్ని ముద్రించే సాధనం. తాళపత్ర, ముద్రణ యుగాల నిర్వచనాలతో మాత్రమే 'ప్రతి'ని అర్థం చేసుకుంటే ఈ అర్థం అందదు. రెండవది, మూడు ప్రతులున్న పాఠాన్ని ఒకే పాఠంగా కూర్చి ప్రకటించడం తాత్పర్యానికి చాలవచ్చు గాని గ్రంథచరిత్రకు చాలదు. పంక్తి విభాగం, వర్ణక్రమం, అక్షరపు వంపు ప్రతి ప్రతికీ వేరుగా చూపే సమాంతర పాఠం తెలుగు లిపిలో రావాలి. కావ్య పరిష్కరణలో పాఠభేదాలకు ఇచ్చే గౌరవం శాసన ప్రతులకూ చెల్లుతుంది. మూడవది, అక్షరాన్ని చేసిన చేతి చరిత్ర. ఆవేసని నుండి తాళపత్ర లేఖకుని దాకా, అతని నుండి అచ్చక్షరాల పోత పోసిన కార్మికుని దాకా పనివాడు ఎప్పుడూ ఉన్నాడు. అతని పేరు మాత్రం అరుదుగా దొరుకుతుంది. ముద్రిత గ్రంథాలలో లేఖకుని గ్రంథాంత వాక్యం సాధారణంగా తొలగిపోతుంది. అక్షరాలు కూర్చినవాని పేరు ముఖపత్రానికి ఎక్కదు.

అటువంటి నేపథ్యంలో ఒక పనివాడు తన పేరును, తండ్రి పేరును, ఇంటి ఆడవారి పేర్లను మూడు స్తంభాల మీద నిలిపిన శాసనం తెలుగు గ్రంథచరిత్రకు ఉపోద్ఘాతంగా ఉండదగినది. ధనంబోడులో నిధి కోసం వెదికినవారికి ఏమి దొరికినా, పరిశోధకులకు దొరికినది ఈ పేర్ల వరుస. వీరపురుషదత్తుని ఇరవయ్యవ సంవత్సరాన్ని ఉదాహరించే ప్రతి చోట ఆవేసని సిద్ధార్థుని పేరు కూడా చేరడం ఆ చరిత్రకు మొదటి దిద్దుబాటు అవుతుంది.