నాలుగు పెన్నీల పడక

1888 ఏప్రిల్‌లో ఎంగెల్స్ మార్గరెట్ హార్క్‌నెస్ అనే ఆంగ్ల రచయిత్రికి రాసిన ఉత్తరం మన సాహిత్య చర్చల్లో తరచుగా వినిపిస్తుంది. ప్రాతినిధ్య పరిస్థితుల్లో ప్రాతినిధ్య పాత్రలను చిత్రించాలన్న సూత్రాన్ని అక్కడి నుంచే తెచ్చుకున్నాం. అయితే ఆ ఉత్తరానికి కారణమైన నవల ఏ నేల మీద పుట్టిందో అంతగా పట్టించుకోలేదు. ‘ఎ సిటీ గర్ల్’ లండన్ ఈస్ట్ ఎండ్ పేదల కథ. ఉత్తరం రాసిన కొద్ది నెలలకే, ఆగస్టు 31కీ నవంబరు 9కీ మధ్య, ఆ ప్రాంతంలోని వైట్‌చాపెల్‌లోనూ దాని చుట్టుపక్కలా ఐదుగురు స్త్రీలు హత్యకు గురయ్యారు. ఐదు హత్యలూ ఒక్కడి పనేనని సాధారణంగా భావిస్తారు. వాడు దొరకలేదు.

తరువాతి సాహిత్యం ఎవరి పక్షం వహించింది? దొరకని ఆ హంతకుడి పక్షమే. ‘జాక్ ది రిప్పర్’ అన్న పేరు సెప్టెంబరులో ఒక వార్తాసంస్థకు అందిన ఉత్తరంలోది. దాన్ని రాసింది ఓ పత్రికా విలేఖరేనని చాలామంది పరిశోధకుల అభిప్రాయం. అర పెన్నీ సాయంకాల పత్రికలు పోటీలు పడుతున్న కాలమది. పత్రికలు ప్రచారంలోకి తెచ్చిన ఆ పేరును 1913లో వచ్చిన మేరీ బెల్లాక్ లౌండ్స్ నవల ‘ది లాడ్జర్’ మొదలు ఎన్నో నవలలూ, నాటకాలూ, సినిమాలూ పెంచి పోషించాయి. పొగమంచు, నల్లసంచి, వీధిదీపం! చనిపోయిన స్త్రీలు మాత్రం కథ నడవడానికి కావలసిన శవాలు. ‘చంపిందెవరు?’ అన్న ఒక్క ప్రశ్న మీద నడిచే ప్రక్రియకు, ఆ స్త్రీ అర్ధరాత్రి దాటాక వీధిలో ఎందుకున్నదన్న ప్రశ్న అడ్డు.

దానికి జవాబు నాలుగు పెన్నీలు. మేరీ ఆన్ నికోల్స్ కమ్మరి కూతురు, ఐదుగురు బిడ్డల తల్లి. పడక అద్దె నాలుగు పెన్నీలు లేవని సత్రం నుంచి పంపేశారు. కొద్ది గంటల్లో శవమైంది. క్రోషే అల్లికలూ పూలూ అమ్ముకునే ఆనీ చాప్‌మన్‌దీ అదే కథ. పడకకు డబ్బు లేదు. స్వీడన్ నుంచి వలస వచ్చిన ఎలిజబెత్ స్ట్రైడ్ పాచిపనులు చేసింది. కాథరిన్ ఎడోస్ కెంట్ పొలాల్లో హాప్స్ కోతకు కూలికి వెళ్లి అప్పుడే తిరిగి వచ్చింది. తిండి కోసం తనతో ఉంటున్న మనిషి బూట్లు తాకట్టు పెట్టవలసి వచ్చింది. మేరీ జేన్ కెల్లీ అద్దె బాకీ పడింది. ఆమె శవాన్ని మొదట చూసినవాడు అద్దె వసూలుకు వచ్చిన మనిషి! ఏ రచయిత కల్పించినా అతిశయోక్తి అనేవాళ్లం.

ఈ ఐదుగురి జీవితాలనే వస్తువుగా చేసుకుని హాలీ రూబెన్‌హోల్డ్ ‘ది ఫైవ్’ అన్న పుస్తకం రాసింది 2019లో. వీరిలో ముగ్గురు వేశ్యలనడానికి ఆధారమే లేదని ఆమె వాదించింది. ఇంతకాలం ఆ ముద్రను ప్రశ్నించకుండా మోసినవాళ్లలో అభ్యుదయవాదులూ ఉన్నారు.

ఇక్కడ ఆత్మవిమర్శ అవసరం. బెర్నార్డ్ షా 1888 సెప్టెంబరులోనే ‘ది స్టార్’ పత్రికకు ఉత్తరం రాశాడు. సోషలిస్టుల ప్రచారానికి కదలని ధనవంతులను హత్యలు కదిలించాయని ఎద్దేవా చేశాడు. వ్యంగ్యం న్యాయమైనదే. కాని అక్కడా ఆ స్త్రీలు ఒక వాదానికి సాక్ష్యాలుగానే మిగిలారు. మన కథల్లోనూ పేదస్త్రీ చివరి పేజీలో చచ్చిపోయి వ్యవస్థ క్రూరత్వాన్ని నిరూపించి పోతుంది. ‘సమాజమే హంతకి’ అనడం సగం నిజం. ఆమెను వీధిలోకి నెట్టింది దారిద్ర్యం. కత్తి పట్టింది మాత్రం ఒక మనిషి చెయ్యి. ఆ సంగతి దాటవేస్తే మనమూ హంతకుణ్ణి వదిలేసినట్టే.

హార్క్‌నెస్ నవలలో శ్రామికులు తమకు తాము సాయం చేసుకోలేని జడసమూహంగా కనిపిస్తున్నారని ఎంగెల్స్ అభ్యంతరం. ఈస్ట్ ఎండ్ కార్మికుల్లో ప్రతిఘటన తక్కువేనని ఆయనే ఒప్పుకున్నాడు కూడా. కాని ఆ జూలైలోనే బో ప్రాంతంలోని అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో సుమారు 1,400 మంది స్త్రీలు, బాలికలు సమ్మెకట్టి గెలిచారు. అక్కడి దోపిడీని జూన్‌లో బయటపెట్టింది, తరువాతి కాలంలో మన మదనపల్లెలో కళాశాల స్థాపించిన అనీబిసెంటే. 1889లో రేవు కూలీలు సమ్మె చేసి గంటకు ఆరు పెన్నీల కూలి సాధించుకున్నారు.

సమ్మె చేసిన బాలికా, పడక దొరకని నికోల్స్‌ా ఒకే ఈస్ట్ ఎండ్ మనుషులు. ఒకరికి సంఘం దొరికింది, ఒకరికి సత్రం కూడా దొరకలేదు. ప్రాతినిధ్య పరిస్థితి అంటే ఈ రెండూ కలిసినదే. శవాన్ని మాత్రమే చూసే రచన నిరాశలోకి పోతుంది. జెండాను మాత్రమే చూసే రచన, సంఘం దాకా చేరలేని మనిషిని మరిచిపోతుంది. హత్యను వస్తువుగా తీసుకునే రచయిత ముందు చనిపోయిన మనిషి ఏం పని చేసి బతికిందో, ఆ రాత్రి ఆమె చేతిలో ఎంత డబ్బు ఉందో తెలుసుకోవాలి. హంతకుడి సంగతి ఆ తరువాత.